ఓట్లతో వచ్చిన జడ్జి, ఖర్చు పెట్టిన కక్షిదారు

అమెరికాలో జడ్జీలందరూ ఒకే దారిలో రారు. ఫెడరల్ కోర్టుల జడ్జీలను అధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. రాష్ట్రాల కోర్టుల సంగతి వేరు. చాలా రాష్ట్రాల్లో ఏదో ఒక స్థాయిలోనైనా జడ్జీలు ప్రజల ఓట్లతో పదవిలోకి వస్తారు, లేదా ఓట్లతోనే అందులో కొనసాగుతారు. టెక్సాస్‌లో అయితే పార్టీ టికెట్ మీదే పోటీ చేస్తారు. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు ఓటు వేసే బ్యాలెట్‌లో కూడా జడ్జీల పేర్లు ఉంటాయి.

ఈ పద్ధతి మంచి ఉద్దేశంతోనే మొదలైంది. గవర్నర్లు, శాసనసభలు తమకు కావలసినవాళ్లకే జడ్జి పదవులు కట్టబెడుతున్నారన్న అసంతృప్తి 19వ శతాబ్దపు అమెరికాలో బలంగా ఉండేది. 1832లో మిసిసిపీ తన జడ్జీలందరినీ ఎన్నుకోవడం మొదలుపెట్టింది. 1846లో న్యూయార్క్ తన కొత్త రాజ్యాంగంలో ఆ దారే పట్టింది. పదవి ఇచ్చింది ప్రజలైతే జడ్జి పాలకుల మొహం చూడనక్కర్లేదన్నది అప్పటి ఆలోచన.

అయితే ఎన్నిక అన్నాక ప్రచారం ఉంటుంది. ప్రచారానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరిస్తారన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. జడ్జి ఎన్నికను మామూలు ఓటరు పెద్దగా పట్టించుకోడు. కోర్టుతో పని పడేవాళ్లు మాత్రం బాగా పట్టించుకుంటారు. లాయర్లు, కంపెనీలు, బీమా సంస్థలు, కార్మిక సంఘాలు. రేపు ఆ జడ్జి ముందు నిలబడేది కూడా వీళ్లే.

ఇది ఎంతదాకా పోగలదో వెస్ట్ వర్జీనియా కేసు ఒకటి చూస్తే తెలుస్తుంది. హ్యూ కేపర్టన్ అనే చిన్న బొగ్గు గనుల యజమాని, తన వ్యాపారాన్ని మోసంతో దెబ్బతీశారంటూ ఎ.టి. మాసీ కోల్ కంపెనీ మీద దావా వేశాడు. 2002లో జ్యూరీ ఆయన పక్షానికి 5 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తేల్చింది. మాసీ అప్పీలుకు వెళ్లాల్సింది రాష్ట్ర సుప్రీంకోర్టుకే. అందులో ఉండేది అయిదుగురు జడ్జీలు. 2004లో వాళ్లలో ఒక స్థానానికి ఎన్నిక వచ్చింది. అప్పటి జడ్జి వారెన్ మెక్‌గ్రా మీద బ్రెంట్ బెంజమిన్ అనే లాయరు పోటీకి దిగారు.

మాసీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ ఈ ఎన్నిక మీద దాదాపు 30 లక్షల డాలర్లు ఖర్చు పెట్టారు. చట్ట ప్రకారం అభ్యర్థికి నేరుగా ఇవ్వగలిగింది 1,000 డాలర్లే. అది ఇచ్చారు. మిగతా డబ్బులో ఎక్కువ భాగం మెక్‌గ్రాను ఓడించడానికి పనిచేస్తున్న ఒక సంస్థకు వెళ్లింది. ఆ సంస్థ ప్రకటనల్లో బొగ్గు మాటే లేదు, పిల్లల భద్రత గురించి ఉంది. బెంజమిన్ సొంత ప్రచార కమిటీ పెట్టిన ఖర్చుకు బ్లాంకెన్‌షిప్ పెట్టిన మొత్తం మూడింతలు. ఆయన్ను బలపరిచిన మిగతావాళ్లందరూ కలిసి పెట్టిన దానికన్నా ఎక్కువ. బెంజమిన్ 53 శాతం పైచిలుకు ఓట్లతో గెలిచారు.

ఆ తర్వాత మాసీ అప్పీలు వచ్చింది. బెంజమిన్ రిక్యూజ్ కావాలని (అనుమానానికి తావున్న కేసు విచారణ నుంచి జడ్జి పక్కకు తప్పుకోవాలని) కేపర్టన్ కోరాడు. బెంజమిన్ ఒప్పుకోలేదు. ఆ కంపెనీలో తనకు వాటా లేదు, కేసు ఫలితంతో తనకు వచ్చే లాభమూ లేదు, తాను నిష్పక్షపాతంగానే ఉంటాను అన్నది ఆయన వాదన. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు 3–2తో 5 కోట్ల తీర్పును కొట్టేసింది. ఆ ముగ్గురిలో బెంజమిన్ ఒకరు. పునర్విచారణ అడిగితే, 2008లో మళ్లీ 3–2. ఆ మధ్యలోనే మరో జడ్జి ఫ్రెంచ్ రివియెరాలో బ్లాంకెన్‌షిప్‌తో కలిసి విహరిస్తున్న ఫొటోలు బయటపడ్డాయి. ఆయన కేసు నుంచి తప్పుకున్నారు. బ్లాంకెన్‌షిప్‌ను బాహాటంగా విమర్శించిన ఇంకో జడ్జి కూడా తప్పుకున్నారు. బెంజమిన్ తప్పుకోలేదు.

2009 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5–4తో బెంజమిన్ తప్పుకోవాల్సిందేనని చెప్పింది. ఇక్కడ కోర్టు వాడిన కొలబద్ద ముఖ్యం. జస్టిస్ ఆంథొనీ కెనెడీ రాసిన తీర్పు, బెంజమిన్ పక్షపాతం చూపారని అనలేదు. ఆయన నిజాయితీని శంకించలేదు. ఒక మనిషి మనసులో ఏముందో బయటివాళ్లు తేల్చలేరు, తన పక్షపాతం తనకే తెలియకపోవచ్చు. అందుకని కోర్టు పరిస్థితినే కొలిచింది. తన కేసు రాబోతోందని తెలిసిన కక్షిదారు, ఆ కేసు వినబోయే జడ్జి ఎంపికలో ఇంత పెద్ద పాత్ర పోషిస్తే పక్షపాతానికి గట్టి ఆస్కారం ఉన్నట్టే, న్యాయమైన విచారణ హక్కుకు భంగం కలిగినట్టే అంది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఒప్పుకోలేదు. ఎంత డబ్బయితే ఎక్కువ? ఎన్నాళ్లపాటు ఆ జడ్జి తప్పుకుంటూ ఉండాలి? ఇలా 40 ప్రశ్నలు వేసి, వీటికి జవాబు లేని నియమం నిలవదన్నారు. ఆ ప్రశ్నలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు.

అసలు పాఠం ఆ తర్వాత జరిగిన దాంట్లో ఉంది. కేసు వెస్ట్ వర్జీనియాకు తిరిగి వచ్చింది. బెంజమిన్ లేకుండా మళ్లీ విని, 2009 నవంబరులో తీర్పిచ్చారు. ఫలితం మళ్లీ మాసీకే అనుకూలం, ఈసారి 4–1తో. ఒప్పందం ప్రకారం ఆ దావా పక్కనున్న వర్జీనియా రాష్ట్రంలో వేయాల్సిందన్నది కారణం. అంటే రాష్ట్ర సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన తీర్పు చట్టరీత్యా సరైనదే అయ్యుండొచ్చు. అయినా బెంజమిన్ తప్పుకోకపోవడం దాన్ని నమ్మే దారిని జనానికి మిగల్చలేదు. ఓడినవాడు కూడా ఒప్పుకోగలిగితేనే తీర్పుకు బలం. ఆ బలం ఏం తీర్పిచ్చారన్న దానితో పాటు ఎవరు ఇచ్చారన్న దాని మీదా ఆధారపడుతుంది.

జడ్జీల ఎన్నికల ప్రశ్న ఇప్పుడు మరింత పెద్దదైంది. 2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టులో ఒకే ఒక్క స్థానానికి జరిగిన ఎన్నికలో ఇరువైపులా కలిపి 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యాయి. అదే ఏడాది జూన్‌లో మెక్సికో తన సుప్రీంకోర్టుతో సహా వందలాది ఫెడరల్ జడ్జి పదవులకు ఎన్నిక పెట్టింది. ఓటేసింది నూటికి సుమారు 13 మంది. ఓటర్లు తక్కువగా కదిలిన చోట, కూడగట్టుకుని వచ్చేవాళ్ల మాటే చెల్లుతుంది.

మన దేశంలో జడ్జీలకు ఎన్నికలు లేవు. కానీ తప్పుకోవాలా వద్దా అన్నది ఆ జడ్జి తానే తేల్చుకునే పద్ధతి ఇక్కడా ఉంది. 2015లో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ కేసులో జస్టిస్ జె.ఎస్. ఖేహర్‌ను తప్పుకోమని అడిగారు. ఆయన తప్పుకోలేదు, ఎందుకో రాతపూర్వకంగా చెప్పారు. తప్పుకునే జడ్జి కారణాలు చెప్పడం మంచిదని అదే ధర్మాసనంలోని జస్టిస్ కురియన్ జోసెఫ్ రాశారు. దీనికి నిబంధనలు ఉండాలని జస్టిస్ మదన్ లోకూర్ రాశారు.

మరేం చేయాలి? వెస్ట్ వర్జీనియా కొన్ని మార్పులు చేసింది. సుప్రీంకోర్టు అభ్యర్థుల ప్రచారానికి ప్రభుత్వ నిధి ఏర్పాటు చేసింది. 2016 నుంచి జడ్జీల ఎన్నికల్లో పార్టీ పేర్లు తీసేసింది. ఆ ఏడాది బెంజమిన్ ఆ నిధితోనే పోటీ చేసి ఓడిపోయారు. ఈ మార్పులు మేలే. కానీ బయటి సంస్థలు పెట్టే ఖర్చును అవి ఆపలేవు. అందుకే మరో రెండు నియమాలు తప్పనిసరి. జడ్జి ఎన్నికకు ఎవరు ఎంత ఖర్చు పెట్టారో కేసు మొదలయ్యే నాటికే కక్షిదారులకు తెలియాలి. జడ్జిని తప్పుకోమన్న అభ్యర్థన వస్తే దాన్ని ఆ జడ్జి కాకుండా ఇతర జడ్జీలు విని, కారణాలతో తేల్చాలి.

రెండో నియమం జడ్జీలను అవమానించేది కాదు. తన కేసులో తానే తీర్పరి కాకూడదన్న నియమాన్ని కోర్టులు అందరికీ వర్తింపజేస్తాయి. అది జడ్జి కుర్చీకీ వర్తించాలి. అప్పుడు నిజాయితీపరుడైన జడ్జి తన మంచితనాన్ని నమ్మమని ఎవరినీ అడగనక్కర్లేదు.