లైబ్రరీ పేరు చివరి అంకె

2010 చివర్లో లినక్స్ వాడేవారికి ఒక వింత సమస్య ఎదురైంది. అప్పుడే విడుదలైన ఫెడోరా 14ను ఎక్కించుకున్న కంప్యూటర్లలో 64-బిట్ ఫ్లాష్ ప్లేయర్ పాట వినిపిస్తుంటే మధ్యలో గరగర శబ్దం వచ్చేది. ఫ్లాష్ ప్లేయర్‌లో మార్పేమీ లేదు. స్పీకర్లూ బాగానే ఉన్నాయి. మారిందల్లా తెరవెనుక పనిచేసే గ్లిబ్‌సి అనే లైబ్రరీ.

ఫైలు తెరవడం, అక్షరాలను తెరమీదికి పంపడం, మెమరీలో ఒకచోట ఉన్న సమాచారాన్ని మరోచోటికి కాపీ చేయడం దాదాపు ప్రతి ప్రోగ్రాముకూ అవసరమే. ఆ కోడ్‌ను ఎవరికి వారు రాసుకోకుండా ఒకేచోట ఉంచి అందరూ వాడుకునే ఏర్పాటే షేర్డ్ లైబ్రరీ. ఊరంతటికీ ఒకే మంచినీళ్ల ట్యాంకు ఉన్నట్టన్నమాట. ట్యాంకు శుభ్రం చేస్తే ప్రతి ఇంటికీ మేలు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడినప్పుడు, ఆ లైబ్రరీని పంచుకునే ప్రోగ్రాములను తిరిగి తయారు చేయనక్కర్లేకపోయింది. లైబ్రరీని మార్చి, వాటిని మళ్లీ మొదలుపెడితే చాలింది. అయితే ట్యాంకులో తేడా వస్తే అన్ని కుళాయిల్లోనూ అదే నీరు వస్తుంది.

ఫెడోరాలో జరిగింది ఇదే. గ్లిబ్‌సిలో ‘మెమ్‌సిపివై’ అనే ఫంక్షన్ మెమరీలోని సమాచారాన్ని కాపీ చేస్తుంది. తీసుకునే చోటు, పెట్టే చోటు ఒకదానిమీద ఒకటి పడకూడదన్నది దాని నిబంధన. అలా పడే సందర్భాలకు ‘మెమ్‌మూవ్’ అని మరో ఫంక్షన్ ఉంది. ఫ్లాష్ ప్లేయర్ ఈ నిబంధన పాటించలేదు. పాత మెమ్‌సిపివై ముందు నుంచి వెనక్కి కాపీ చేసేది కాబట్టి ఆ తప్పు బయటపడలేదు. వేగం కోసం కొన్ని ప్రాసెసర్లపై కొత్త కోడ్ వెనుక నుంచి ముందుకు కాపీ చేయడం మొదలుపెట్టగానే శబ్దం చెడింది. తప్పు ఫ్లాష్‌దేనని కొందరు వాదించారు. నిబంధన ప్రకారం వారి మాట నిజమే. కానీ తప్పు ఎవరిదైతే పాట వినేవారికేం? నిన్నటిదాకా నడిచినది ఇవాళ నడవడం లేదన్నదే వారి బాధ. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా వారి పక్షానే మాట్లాడారు.

మరి ఇలాంటి మార్పును లైబ్రరీ ఎలా ప్రకటించాలి? లినక్స్‌లో కుదింపు పనులు చేసే జడ్‌లిబ్‌ను చూద్దాం. దాని 1.3.1 విడుదల ఫైలు పేరు ‘లిబ్‌జడ్.ఎస్ఓ.1.3.1’. కానీ దాన్ని వాడే ప్రోగ్రాము తనలో రాసుకునేది ‘లిబ్‌జడ్.ఎస్ఓ.1’ అని మాత్రమే. ఈ పొట్టిపేరును ‘ఎస్ఓ-నేమ్’ అంటారు. చివరి అంకె 1గా ఉన్నంతకాలం, పాత ప్రోగ్రాములు కొత్త లైబ్రరీతోనూ నడుస్తాయని రాసినవారు మాట ఇస్తున్నట్టే. ఆ మాట నిలబెట్టుకోలేని మార్పు చేస్తే అంకె మారాలి. అప్పుడు పాతదీ కొత్తదీ ఒకే కంప్యూటరులో పక్కపక్కనే ఉండొచ్చు. ఇది విడుదల సంఖ్య కాదు. గ్లిబ్‌సి విడుదలలు 1997 నుంచి 2.0, 2.1 అంటూ సాగుతున్నా, చాలా కంప్యూటర్లలో దాని పొట్టిపేరు ఇప్పటికీ ‘లిబ్‌సి.ఎస్ఓ.6’.

ఆ 6ను 7 చేస్తే లినక్స్‌లోని ప్రోగ్రాములన్నిటినీ దాదాపుగా తిరిగి తయారు చేయాలి. అందుకే గ్లిబ్‌సి లోపలి ఒక్కో ఫంక్షన్‌కూ వెర్షన్ ముద్ర వేస్తుంది. 2011లో వచ్చిన గ్లిబ్‌సి 2.14లో 64-బిట్ ఇంటెల్ తరహా కంప్యూటర్ల కోసం రెండు మెమ్‌సిపివైలు పెట్టారు. పాత ప్రోగ్రాము అడిగితే మెమ్‌మూవ్‌లా జాగ్రత్తగా కాపీ చేసేది, కొత్తగా తయారైనది అడిగితే వేగవంతమైనది అందుతుంది. ఈ పద్ధతి ఒకవైపే పనిచేస్తుంది. కొత్త గ్లిబ్‌సిపై తయారైన ప్రోగ్రామును పాత కంప్యూటరుకు తీసుకెళితే ‘గ్లిబ్‌సి_2.34 దొరకలేదు’ వంటి సందేశంతో ఆగిపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు తాము అండగా ఉండదలచిన వాటిలో అతి పాత వ్యవస్థపైనే ప్రోగ్రామును తయారు చేస్తారు.

ఒక్కోసారి లైబ్రరీ కోడ్‌లో ఒక్క అక్షరమూ మారకపోయినా మాట తప్పినట్టవుతుంది. 32-బిట్ వ్యవస్థలు 1970 నుంచి సెకన్లను లెక్కపెట్టే గడిలో 2038 జనవరి 19 తర్వాతి సమయం పట్టదు. గడిని 64 బిట్లకు పెంచితే, సమయాన్ని ఇచ్చిపుచ్చుకునే ప్రతి లైబ్రరీకీ ప్రోగ్రాముకూ మధ్య కొలతలు మారిపోతాయి. ఫైలు చివరి అంకె మాత్రం అలాగే ఉంటుంది. 2024లో డెబియన్, ఉబుంటు బృందాలు ఇందుకోసం వందలాది లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర ‘టి64’ చేర్చాయి. మన సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కూ డెబియనే ఆధారం. పాత ఇంటెల్ కంప్యూటర్ల 32-బిట్ రకాన్ని మాత్రం డెబియన్ ఈ మార్పు నుంచి మినహాయించింది. ఇప్పుడది మిగిలింది ఎక్కువగా పాత ప్రోగ్రాములను నడపడానికే. గడి కొలత మారిస్తే మొదట ఆగిపోయేవి అవే.