ఈసీజీ చెప్పేది, చెప్పనిది

1909లో బ్రిటన్ పార్లమెంటులో ఒక కుక్క గురించి ప్రశ్న లేచింది. దాని పేరు జిమ్మీ, జాతి బుల్‌డాగ్. రాయల్ సొసైటీ ప్రదర్శనలో దాని కాళ్లను ఉప్పునీళ్లలో ఉంచి హింసించారట, నిజమేనా అని ఒక సభ్యుడు నిలదీశాడు. సముద్రపు ఒడ్డున కాళ్లు తడుపుకున్నవాళ్లకి ఎలా ఉంటుందో ఆ కుక్కకీ అలాగే ఉండి ఉంటుందని హోంమంత్రి తేల్చేశాడు. నిజానికి జిమ్మీ ఒంట్లోకి ఎవరూ కరెంటు పంపలేదు. దాని గుండెలో పుట్టే కరెంటునే యజమాని అగస్టస్ వాలర్ బయటికి తీసి చూపించాడు.

మనిషి గుండె విద్యుత్తును 1887లో లండన్‌లో తొలిసారి గీతగా పట్టినవాడు కూడా వాలరే. ఆయన వాడిన పరికరంలో సన్నటి గాజుగొట్టంలో పాదరసం పైకీ కిందికీ కదిలేది. కానీ గుండె వేగాన్ని అది అందుకోలేకపోయేది, గీత మసకగా వచ్చేది. ఆసుపత్రుల్లో దీనితో పెద్దగా పని ఉంటుందని ఆయనే అనుకోలేదు.

అనుకున్నవాడు విలెం ఐంథోవెన్. 1860లో జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టాడు, పాతికేళ్లకే నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. ఆయన ముందున్న చిక్కు చిన్నది కాదు. గుండె కరెంటు చర్మం దాకా వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు అటూ ఇటుగా ఉంటుంది. అంటే టార్చిలైటు సెల్లులో ఉండే వోల్టేజీలో 1500వ వంతు. దానికి కదలాలంటే దాదాపు బరువే లేని తీగ కావాలి. అందుకని క్వార్ట్జ్‌ను కరిగించి, బాణానికి అంటించి వదిలేవారు. బాణం దూసుకెళ్లిన దారిలో కంటికి ఆననంత సన్నటి పోగు సాగేది. దానికి వెండి పూత పూసి, బలమైన విద్యుదయస్కాంతం మధ్య బిగించారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పోగు అదిరేది. దాని నీడ కదిలే ఫొటో పలక మీద పడి గీతయ్యేది.

1901లో వెలువడిన ఈ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. అయస్కాంతం వేడెక్కకుండా నీళ్లు పారించాలి, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. అంత బరువును మంచం దగ్గరికి మోసుకెళ్లలేరు కాబట్టి 1905లో ఐంథోవెన్ కిలోమీటరున్నర దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోన్ తీగల మీద గుండె సంకేతాన్నే ప్రయోగశాలకు రప్పించాడు. ఇవాళ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న ప్రభుత్వాసుపత్రిలో తీసిన ఈసీజీని నగరంలోని కార్డియాలజిస్టు తెర మీద చూసి, గుండెపోటుకు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇమ్మని చెబుతున్నాడంటే, ఆ పద్ధతికి లైడెన్ తీగలే పూర్వీకులు. 1924లో ఐంథోవెన్‌కు నోబెల్ వచ్చింది.

తరవాతి కథ తొందరగా చెప్పుకోవచ్చు. 1938లో ఛాతీ మీద తీగలు తగిలించే ఆరు చోట్లు ఖాయమయ్యాయి, 1942కి పన్నెండు లీడ్ల, అంటే గుండెను చూసే పన్నెండు కోణాల, లెక్క పూర్తయింది. ఇప్పుడు మనకు తగిలించేవి పదే. చేతులకూ కాళ్లకూ నాలుగు క్లిప్పులు, చల్లటి జెల్లీ రాసిన ఛాతీ మీద ఆరు రబ్బరు కప్పులు. కుడికాలిది ఎర్తు లాంటిది. మిగతా తొమ్మిదింటి కలయికలే గుండెను పన్నెండు వైపుల నుంచి చూస్తాయి. 2018 నుంచి ఒకే ఒక్క లీడుతో చేతి గడియారమూ గుండె గీత తీస్తోంది.

అరవై ఐదు దాటినవాళ్లకు ఈ గీత గట్టిగా చేయగల మేలు ఒకటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడాన్ని పట్టివ్వడం. అందులో గుండె పైగదులు ముడుచుకోకుండా వణుకుతాయి. ఈసీజీలో ప్రతి పెద్ద శిఖరం ముందూ ఉండాల్సిన చిన్న గుట్ట, అంటే పి తరంగం, మాయమవుతుంది. శిఖరాల మధ్య ఎడం ఇష్టమొచ్చినట్టు మారుతుంది. పైగదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతమే. ఈ ముప్పు మామూలుకన్నా ఐదింతలు. చాలామందికి దడ కూడా తెలియదు. నాడి పట్టుకున్నప్పుడు లయ అడ్డదిడ్డంగా ఉంటే ఈసీజీ తీయించాలి. నిర్ధారణ అయితే రక్తం పలచబడే మందు అవసరమా అన్నది డాక్టరు తేలుస్తారు.

చెప్పనిది కూడా ఉంది. “ఈసీజీ నార్మలే వచ్చింది, గుండెకి ఢోకా లేదు” అనుకుని బీపీ మాత్ర పక్కన పడేసే పెద్దలు మన ఇళ్లలో తక్కువేం కాదు. గుండె రక్తనాళం సగానికి పైగా పూడుకున్నా, కదలకుండా పడుకున్నప్పుడు గీత చక్కగానే రావచ్చు. అది ఆ పది సెకన్ల సంగతి చెబుతుంది తప్ప రేపటిది కాదు. లక్షణాలు లేని, ముప్పు తక్కువ ఉన్నవాళ్లకు జబ్బు వెతకడం కోసం ఈసీజీ తీయొద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2018లో తేల్చింది. హెల్త్ చెకప్ ప్యాకేజీలో అది ఉందని మురిసిపోవడం కన్నా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో ఉంచుకుని, పొగాకు మానడం వెయ్యి రెట్లు నయం. అదే, ఛాతీ బరువెక్కినా, ఊరికే చెమటలు పట్టి ఆయాసమొచ్చినా గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే ఈసీజీ తీయించాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి గుండెపోటులో నొప్పే ఉండకపోవచ్చు. అప్పుడు మొదటి గీత నార్మల్ అయినా కాసేపాగి మళ్లీ తీస్తారు.

ఆ వేళ డాక్టరుకు బాగా అక్కరకొచ్చేది రోగి పాత ఈసీజీ. కొత్త మార్పేదో, ఎప్పటి నుంచో ఉన్నదేదో పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. చాలాచోట్ల ఇచ్చేది వేడికి అచ్చయ్యే కాగితం, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. కాబట్టి ఈసారి తీయించినప్పుడు అమ్మదీ నాన్నదీ జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టండి, ఫోన్లో ఒక ఫొటో ఉంచుకోండి.