కరెంటు పోయినా ఆగని బ్లేడు

చీమకుర్తిలో రాయి కోసే ఫ్యాక్టరీలో కరెంటు పోతే మోటారు మోత చప్పున పడిపోతుంది. బ్లేడు రాయిలో ఉంటే తొందరగానే నిలుస్తుంది. గాలిలో ఉంటే మాత్రం తిరుగుతూనే ఉంటుంది. స్విచ్చి కట్టేశాం కదా అని దగ్గరకు వెళ్లకూడదు. మోటారు ఊరుకున్నాక దాన్ని తిప్పుతున్నది దానిలో దాగిన గతిజ శక్తే.



ఆ శక్తి ఎంతో లెక్క కట్టడం ఎలా? లారీ పోతుంటే దాని క్యాబిన్‌దీ, వెనకున్న బండదీ ఒకటే వేగం. బరువును వేగం వర్గంతో గుణించి సగం చేస్తే శక్తి తేలుతుంది. బ్లేడుతో ఆ వీలు లేదు. నడుమ ఉన్న ఉక్కు దాదాపు కదలదు, వజ్రపు పళ్లున్న అంచు పరుగులు తీస్తుంది. రేణువు రేణువుకూ విడిగా లెక్క కట్టి కూడాలి. ఇరుసు నుంచి రెట్టింపు దూరంలో ఉన్న రేణువు నాలుగింతల శక్తి మోస్తుంది. పాఠ్యపుస్తకాల్లో మనల్ని బెదరగొట్టిన ‘జడత్వ భ్రామకం’ ఈ కూడికలోంచి పుట్టిందే. నిండు బిళ్లకు కూడితే బరువు, అంచు వేగం వర్గం, ఈ రెండింటి లబ్ధంలో నాలుగో వంతు వస్తుంది.

3 మీటర్ల వ్యాసం, సెంటీమీటరు మందం ఉన్న ఉక్కు బిళ్ల అనుకుందాం. బరువు సుమారు 555 కిలోలు. అంచు సెకనుకు 30 మీటర్లు పోతే, అంటే నిమిషానికి 190 చుట్లు తిరిగితే, శక్తి 1.25 లక్షల జౌళ్లు. టన్ను బండను 40 అడుగుల పైకి ఎత్తడానికి అది చాలు.

అదే బరువును అంచుకే చేరిస్తే శక్తి రెట్టింపు. మిరప తోటలకు నీళ్లు తోడిన పాత ఆయిలింజన్ల చక్రాలకు ఆకులు సన్నగా, అంచు లావుగా పోసింది అందుకే. ఆ ఇంజను రెండు చుట్లకు ఒక్కసారే మండుతుంది; మిగతా సమయమంతా దాన్ని ఈడ్చేది చక్రమే. స్టార్టు చేసేటప్పుడు కూడా అంతే. వాల్వు ఎత్తిపట్టి, హ్యాండిలు తిప్పి తిప్పి, చక్రం ఊపందుకున్నాక వాల్వు వదిలేవారు. చేత్తో నేరుగా నొక్కలేని పిస్టన్‌ను, ఆ చెయ్యే చక్రంలో దాచిన బలం నొక్కేసేది. గొట్టంలోంచి నల్లటి పొగ ‘డుబ్’మని లేచేది.