ఎడమ కాలికి మళ్లీ ఓనమాలు

సిగ్నల్ గ్రీన్ పడింది. నా కారు రెండడుగులు గెంతి టక్కున ఆగిపోయింది. వెనక నుంచి హారన్. స్టార్ట్ చేశా, మళ్లీ ఆగిపోయింది. ఈసారి మూడు హారన్లు కలిసి మోగాయి. టాప్ తీసేసిన ఎర్ర స్పోర్ట్స్ కారు కదా, మొహం దాచుకునే చోటు కూడా లేదు!

ఇదంతా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. మాది గుడివాడ. పద్దెనిమిదేళ్లకే నాన్న దగ్గర మారుతి 800 మీద డ్రైవింగ్ నేర్చుకున్నా. ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఇక్కడికొచ్చాక తొమ్మిదేళ్లు ఆటోమేటిక్ కార్లే. ఎడమ కాలికి పనే లేదు.

పోయినేడాది కలల బండి కొన్నా. సెకండ్ హ్యాండ్ మాజ్డా మియాటా, 2003 మోడల్. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి కనిపించిన ఈ రెండు సీట్ల బుల్లి కారు, 2016 కల్లా పది లక్షలు తయారైంది. 'క్లచ్ మనకేం కొత్తా?' అనుకుంటూ తాళాలు తీసుకున్నా. అక్కడే బోల్తా పడ్డా.

జానెడు దూరంలో...

రెండో వారం మా ఆవిడని ఎక్కించుకున్నా. ఎత్తు మీద స్టాప్ సైన్. బ్రేక్ మీంచి కాలు తీశా. క్లచ్ పట్టుకోలేదు, బండి వెనక్కి జారింది. కంగారుగా బ్రేక్ తొక్కితే, వెనక కారుకి జానెడు దూరంలో ఆగింది.

తను ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కటే మాట. "నీకు బాగా వచ్చేదాకా నేను ఎక్కను." ఆ రాత్రే కారు అమ్మేద్దామని ఫొటోలు కూడా తీశా.

అసలు పెడల్ వెనక ఏం జరుగుతుంది?

ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతుంటుంది. క్లచ్ ప్లేట్ దాన్ని అతుక్కుని ఉంటేనే ఇంజిన్ బలం చక్రాలకి వెళ్తుంది. పెడల్ తొక్కితే ప్లేట్ విడిపోతుంది. మెల్లగా వదులుతుంటే ఒక చోట రెండూ రాసుకోవడం మొదలవుతుంది. మనవాళ్లు 'హాఫ్ క్లచ్' అనేది దాన్నే. అది కొన్ని బండ్లలో నేలకి దగ్గరగా, కొన్నింటిలో బాగా పైకి ఉంటుంది.

మారుతి 800లో కేబుల్ క్లచ్. ప్లేట్ పట్టుకోవడం కాలికి బాగా తెలిసేది. మియాటాలో హైడ్రాలిక్. పెడల్‌కీ ప్లేట్‌కీ మధ్య పని చేసేది ద్రవం. తొక్కడం తేలికే గానీ, ఎక్కడ పట్టుకుంటోందో నా కాలికి అందలేదు. పైగా పాత ఓనరు తేలికైన ఫ్లైవీల్ వేయించాడని మెకానిక్ చెప్పాడు. చక్రం తేలికైతే ఇంజిన్ వేగం ఇట్టే పెరుగుతుంది, ఇట్టే పడిపోతుంది. పాత బండిలో చిన్న తప్పుని ఫ్లైవీల్ బరువు కాచుకునేది. ఇక్కడ ఆ దయ లేదు.

అంటే కారులో లోపం లేదు. నా కాలు ఇంకా మారుతి 800నే నడుపుతోంది.

వాట్సాప్‌లో డ్రైవింగ్ క్లాస్

అమ్మేముందు సిగ్గు విడిచి నాన్నకి ఫోన్ చేశా. "నీ కాలు వీడియో తీసి పంపు" అన్నారు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో, పెడల్స్‌కి అడ్డం రాకుండా తలుపు వైపు ఫోన్ అతికించి, రెండు నిమిషాలు తీసి పంపా. పొద్దున లేచేసరికి వాయిస్ మెసేజ్.

"ఒరేయ్, మడమ గాల్లో తేలుతోందేంట్రా? తొక్కేటప్పుడు లేచినా పర్లేదు. వదిలేటప్పుడు మాత్రం కింద ఆనించి పాదంతో వదులు. సీటు ముందుకి లాక్కో. ఆ దిండుల్లాంటి బూట్లు తీసెయ్!"

మూడు వారాలు, రోజూ ఆఫీసు అయ్యాక అరగంట అదే పార్కింగ్ లాట్. నాకు పనికొచ్చినవి ఇవీ:

• క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు సర్దుకోండి. పల్చటి సోల్ ఉన్న షూస్ మేలు.

• చదునైన ఖాళీ చోట ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కటే మెల్లగా వదులుతూ బండిని కదిలించండి. రోజూ ఇరవై సార్లు. పట్టు ఎక్కడుందో కాలికే తెలుస్తుంది.

• పట్టు దొరకగానే పెడల్ వదిలేయొద్దు. ఒక్క క్షణం అక్కడే ఆపి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు మిగతాది వదలండి. కుదుపులు తగ్గేది ఇక్కడే.

• ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచండి. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజిన్ మోత బరువెక్కి, బండి ముందుకి లాగుతున్నట్టు అనిపించాకే బ్రేక్ దించండి.

• సిగ్నల్ దగ్గర హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టొద్దు, ప్లేట్ అరిగిపోతుంది. న్యూట్రల్ చేసి బ్రేక్ మీద ఉండండి. కాలిన వాసన వస్తే ప్రాక్టీస్ ఆపేయండి. పెడల్ ఉన్నట్టుండి మెత్తబడి కిందికి దిగిపోతే అది మీ కాలి తప్పు కాదు. బండిని మెకానిక్‌కి చూపించాల్సిందే.

నాన్న సర్టిఫికెట్

వేసవిలో నాన్న వచ్చారు. ఆ ఎత్తు మీది స్టాప్ సైన్ దారిలోనే తీసుకెళ్లా. హ్యాండ్ బ్రేక్ వేశా. మడమ ఆనించా. ఇంజిన్ మోత మారింది, బ్రేక్ దించా. బండి ఇంచీ కూడా వెనక్కి రాలేదు.

మెచ్చుకుంటారేమో అని పక్కకి చూశా. నాన్న నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నారు. క్లీనర్లు నడిపితే కన్ను మూయనని చెప్పే మనిషి ఆయన!

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పా. "మామయ్యగారు నిద్రపోయారా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత చెప్పులేసుకుని వెళ్లి కారులో కూర్చుంది.