ఆటగాని బదిలీ – అభిమాని ఆరాటము

వేసవి సెలవులు దగ్గరపడగానే మన పాఠశాలలలో ఉపాధ్యాయుల గదియందు ఒకే ప్రసంగము బయలుదేరును. ఈ యేడు బదిలీలు ఉండునా? లెక్కల మాస్టారు వెళ్లిపోవునా? ఆయన స్థానమునకు వచ్చువా రెవరు? ఉత్తరువు ఇంకను వెలువడలేదు. అయినను పేర్లు, ఊళ్లు, కారణములు అన్నియు సిద్ధముగా నుండును. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత ఇట్టి సందర్భమునకే పుట్టినదేమో! తరగతిలోని పిల్లలు మాత్రము ఇన్ని ప్రశ్నలు వేయరు. వారిది ఒకటే ప్రశ్న: "మాస్టారూ, మీరు నిజంగా వెళ్లిపోతారా?" పెద్దల ప్రశ్నలలో ఉన్నది కుతూహలము. పిల్లల ప్రశ్నలో ఉన్నది భయము.

ఐరోపాఖండమునందు ఫుట్‌బాల్ అభిమానుల వేసవియు ఇట్లే గడచును. మే నెలతో అచ్చటి పోటీలు ముగియును. ఆటగాండ్రు ఒక క్లబ్బును విడిచి మరియొక క్లబ్బులో చేరుటకు ఇంచుమించు ఆగస్టు చివరివరకు గడువుండును. ఆ రోజులలో ఆట ఉండదు. ఆటను గూర్చిన మాట మాత్రమే ఉండును. జట్టులో గోళ్లు చేయు ప్రధానమైన ఆటగాడు, అనగా స్ట్రైకరు, వెళ్లునా ఉండునా అన్నదే ఆ మాటలలో ముఖ్యమైనది. ఆతడు నవ్వినను దానికొక అర్థము. నవ్వకున్నను దానికొక అర్థము. కుతూహలమును భయమును ఇంతగా కలగలిసిన చర్చ మరియొకటి క్రీడాలోకమున కానరాదు.

ఇందుకు మన కాలమున చక్కని ఉదాహరణము కిలియన్ ఎంబాపే. ఆతడు 1998 డిసెంబరు 20వ తేదీన పారిస్ నగరమున జన్మించి, దాని శివారునందలి బాందీ అను పట్టణమున పెరిగెను. చిన్ననాట ఆతని గది గోడల నిండ క్రిస్టియానో రొనాల్డో చిత్రములే. రొనాల్డో అప్పుడు స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్ క్లబ్బులో ఆడుచుండెను. ఎంబాపే పదునెనిమిదేండ్ల ప్రాయముననే మొనాకో జట్టుతో 2017లో ఫ్రెంచి లీగు విజేతయై, ఆ యేటి ఆగస్టు 31వ తేదీన పారిస్ సెయింట్ జర్మెయిన్ క్లబ్బులో చేరెను. మొదట ఎరువుగాను, పిమ్మట పూర్తిగాను జరిగిన ఆ బదిలీ విలువ సుమారు 18 కోట్ల యూరోలు. మరుసటి సంవత్సరమే ఆతడు ప్రపంచ కప్పు తుదిపోటీలో గోలు చేసి, ఫ్రాన్సుకు విజయము చేకూర్చెను. ఇరువదేండ్లు నిండకమునుపే ప్రపంచ కప్పు తుదిపోటీలో గోలు చేసినవారు అంతకుముందు పెలే యొక్కడే.

నాటినుండి ఏడేండ్లపాటు పారిస్, మాడ్రిడ్ నగరముల అభిమానులు ఒకే ప్రశ్నను రెండు విధములుగా వేసికొనిరి. "ఎప్పుడు పోవునో" అని పారిస్ భయపడెను. "ఎప్పుడు వచ్చునో" అని మాడ్రిడ్ ఎదురుచూచెను. గోడపై చిత్రములే చాలు, ఆతడు ఏనాటికైనను తమవాడే యగునని మాడ్రిడ్‌వారి తర్కము. పుట్టిన ఊరును ఎవ్వరైనను విడతురా యని పారిస్‌వారి తర్కము.

ఈ వదంతులకు ఒక న్యాయశాస్త్రపు మూలము కలదు. బెల్జియము దేశీయుడగు జాన్ మార్క్ బోస్మన్ అను ఆటగాడు 1990లో తన క్లబ్బుతో ఒడంబడిక ముగిసిన పిమ్మట ఫ్రాన్సులోని వేరొక క్లబ్బునకు పోగోరెను. గడువు తీరినను, బదిలీ సొమ్ము విషయము తేలనిదే పాత క్లబ్బు ఆటగానిని విడువని కాలమది. ఆతడు న్యాయస్థానము నాశ్రయించెను. 1995 డిసెంబరు 15వ తేదీన ఐరోపా న్యాయస్థానము ఆతని పక్షమున తీర్పు చెప్పెను. ఒడంబడిక ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్య దేశములలో రుసుము లేకయే కోరిన క్లబ్బున చేరవచ్చునని దాని సారాంశము. అప్పటినుండి ఒడంబడికలోని చివరి సంవత్సరము క్లబ్బులకు గండమైనది. ఆ లోపల అమ్మినచో సొమ్ము దక్కును. అమ్మనిచో ఆటగాడు ఊరకయే పోవును. కావుననే ఒడంబడిక కాలము తరిగినకొలది వదంతులు పెరుగును.

2021 ఆగస్టులో సరిగా అట్టి ఘట్టమే వచ్చెను. ఒడంబడికలో ఒక్క యేడు మాత్రమే మిగిలియుండగా మాడ్రిడ్ సుమారు 16 కోట్ల యూరోలు ఇవ్వజూపెను. పారిస్ నిరాకరించెను. ఇక 2022 వేసవిలో ఎంబాపే ఉచితముగనే మాడ్రిడ్ చేరునని అందరును నమ్మిరి. ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ సైతము ఆతనిని స్వదేశముననే ఉండుమని సలహా యిచ్చెను. తుదకు 2022 మే 21వ తేదీన మైదానము నడుమ ఆతడు "2025" అను అంకె గల చొక్కాను చేతబట్టి నిలిచెను. పారిస్ ఉప్పొంగినది, మాడ్రిడ్ తెల్లబోయినది. అంతవరకు వినవచ్చిన వదంతి యంతయు ఆ ఒక్క చొక్కాతో గాలిలో కలిసినది.

అయినను కథ ముగియలేదు. ఒడంబడికలోని చివరి యేడాదిని పొడిగింపనని 2023 జూనులో ఆతడు క్లబ్బునకు లేఖ వ్రాసెను. క్లబ్బు కినిసి, ఆతనిని జపాను పర్యటనకు తీసికొనిపోలేదు. సౌదీ అరేబియాలోని అల్ హిలాల్ క్లబ్బు 30 కోట్ల యూరోల బేరముతో ముందుకు వచ్చెను. ఆతడు వారితో సంప్రదింపులకే ఒప్పుకొనలేదు. ఆగస్టులో మరల జట్టున చేరెను. 2024 మే 10వ తేదీన, తాను వెళ్లిపోవుచున్నానని స్వయముగా ప్రకటించెను.

రెండు దినముల తరువాత పారిస్‌లోని సొంత మైదానమున ఆతని చివరి ఆట. మైకులో ఆతని పేరు చదివినప్పుడు ఈలలు వేసి గేలిచేసినవారు కలరు. చప్పట్లు కొట్టినవారును కలరు. ఒకవైపు అభిమానులు ఆతని నిలువెత్తు చిత్రపటమును ఎత్తి వీడ్కోలు చెప్పిరి. ఆ క్లబ్బు తరపున 308 ఆటలలో 256 గోళ్లు చేసినవా డాతడు. ఆ క్లబ్బు చరిత్రలో అంతకు మించినవారు లేరు. ఆ ఈలలును ఆ చిత్రపటమును ఒకే మైదానమునుండి వెలువడినవి.

ఇక మాడ్రిడ్ సంగతి. జూన్ 1వ తేదీన ఆ క్లబ్బు ఎంబాపే లేకయే పదునైదవసారి ఐరోపా విజేతయైనది. రెండు నాళ్లకు, జూన్ 3న, ఆతని చేరికను ప్రకటించెను. జులై 16న బెర్నబేవు మైదానమున సుమారు ఎనుబది వేలమంది ఆతనికి స్వాగతము పలికిరి. పదునైదుసార్లు గెలిచిన జట్టునకు ఈతడును తోడైనచో ఇక తిరుగేమున్నదని లోకము తలచెను. ఇల్లలుకగనే పండుగ కాదుగదా! ఆ తొలి యేడు ఆతడు లీగులో 31 గోళ్లు చేసి, ఐరోపా అంతటను మేటియై బంగరు బూటును అందుకొనెను. కాని లీగు బార్సిలోనాకు దక్కినది. ఐరోపా కప్పు క్వార్టరు ఫైనలులో మాడ్రిడ్ ఆర్సెనల్ చేతిలో ఓడినది. ఆతడు విడిచిన పారిస్ జట్టు 2025 మే 31వ తేదీన మ్యూనిక్ నగరమున ఇంటర్ మిలన్‌ను 5–0 గోళ్లతో ఓడించి, తన చరిత్రలో మొట్టమొదటిసారిగా ఐరోపా విజేతయైనది. రెండు గోళ్లు చేసిన దెజిరే దువే పందొమ్మిదేండ్ల బాలుడు. ఎంబాపే పోయినచో పారిస్ కూలునని బెంగపడినవారిలో ఎందరు ఆ రాత్రి వీథులలో నాట్యమాడిరో!

ఇన్నియేండ్ల ఊహలలో నిజమైనది ఒక్కటే: ఆతడు మాడ్రిడ్ చేరుట. తరువాత ఏమగునన్నది ఎవ్వరికిని అందలేదు. అయినచో ఇంతటి చర్చ వ్యర్థమేనా? కాదని నా తలంపు. బదిలీ పత్రముపై సంతకము చేయువారు మహా అయినచో ముగ్గురు: ఆటగాడు, విడుచు క్లబ్బు, చేర్చుకొను క్లబ్బు. చొక్కా కొని, టిక్కెట్టు కొని, ఓటమినాడు అన్నము మానిన అభిమానికి ఆ పత్రముపై చోటు లేదు. సంతకము లేనివానికి మిగిలినది మాట యొక్కటే. ఆతని ఊహాగానము తన వాటాను తాను అడుగుటయే.

ఆటగాడు వెళ్లగూడదని శాసించుట మాత్రము అభిమానికి తగదు. బోస్మన్ వంటివాడు ఏండ్ల తరబడి పోరాడినది ఆ స్వేచ్ఛకొరకే. పనివాడు తన పనిచోటును ఎన్నుకొనుట ద్రోహము కాదు. అభిమానికి గల గొప్పతనము వేరు: ఆటగానికి బదిలీ కలదు, అభిమానికి లేదు. ఎంబాపే వెళ్లిన పిదపను పారిస్ మైదానమున అవే మెట్లపై వారే కూర్చుండిరి. దువే అను బాలుని గోళ్లకు గొంతెత్తినది వారే.

మన పల్లెలలో బదిలీయైన మాస్టారిని పిల్లలు పూలదండ వేసి బస్సెక్కింతురు. కండ్లనీళ్లు పెట్టుకొందురే గాని, ఈలలు వేయరు. సోమవారమునాడు అదే బల్లపై కూర్చుండి, కొత్త మాస్టారు నల్లబల్లపై ఏమి వ్రాయునో యని చూచుచుందురు.