ప్రకటన లేని ఉద్యోగాలు – నిజమెంత?

"పేపర్లో పడేవి కొన్నే, అసలు ఉద్యోగాలన్నీ లోలోపలే భర్తీ అయిపోతాయి" అని పట్నం నుండి వచ్చినవారు చెబుతుంటారు. ఆ మాట విని డిగ్రీ చదివిన పిల్లవాడు దరఖాస్తులు పెట్టడమే మానుకొంటాడు. తండ్రేమో "ఎవరినో ఒకరిని పట్టుకోవాలి" అని పొలం కాగితాలు బయటికి తీస్తాడు. కనుక ఈ మాట ఎక్కడ నిజమో, ఎక్కడ కాదో నిదానించి చూద్దాము.

మొదట ప్రభుత్వోద్యోగము సంగతి. రాజ్యాంగములోని 16వ అధికరణము ఇందులో అందరికీ సమానావకాశము ఇచ్చింది. మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చి చెప్పింది. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టక, పత్రికలలోను, రేడియో, టీవీలలోను ప్రకటించి, దరఖాస్తు పెట్టినవారిని కూడా పరిశీలించాలన్నది. నియమాలు దాటి దొడ్డిదారిన చేరినవారు పర్మనెంటు చేయమని హక్కుగా అడగలేరని 2006లో ఉమాదేవి కేసులో అదే కోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి "నోటిఫికేషను లేకుండానే లోపల పోస్టు ఉంది, డబ్బు కట్టండి" అని ఎవరైనా వస్తే గుమ్మము దగ్గరనుండే పంపివేయండి. పొలము అమ్మి కట్టినా ఆ పోస్టు నిలవదు.

ప్రైవేటు ఉద్యోగాల తీరు వేరు. 1959లో వచ్చిన పాత చట్టము ప్రకారము, 25 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలుపవలసి ఉండేది గాని, అక్కడి పేర్లనే తీసుకోవలెనని ఆ చట్టము అనలేదు. చిన్న ఆసుపత్రికి, బడికి, బట్టల దుకాణానికి ఆ బాధ్యత కూడా లేదు. యజమాని వైపునుండి ఆలోచించండి. ప్రకటన వేస్తే ఖర్చు, వందల దరఖాస్తులు, పైగా గల్లా పెట్టె అప్పగించవలసిన మనిషి ఎలాంటివాడో తెలియదు. అందుచేత తన దగ్గర పనిచేసేవారినే "మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. ఇందులో కుట్ర ఏమీ లేదు.

మరి ఆ కబురు ఎవరి ద్వారా వస్తుంది? మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టను దగ్గరి న్యూటన్ పట్టణములో, కొత్త ఉద్యోగాలలో చేరిన 282 మంది పురుషులను విచారించి 1974లో పుస్తకము వెలువరించాడు. నూటికి 56 మందికి ఉద్యోగము పరిచయస్థుల వలన దొరికింది. విశేషమేమంటే, ఆ పరిచయస్థులలో తరచుగా కలిసేవారు నూటికి 17 మందే. మిగిలినవారు ఎప్పుడో ఒకప్పుడు కనబడేవారే. వారంతా చదువుకొన్న అమెరికా ఉద్యోగులు, మన పరిస్థితి వేరు అనవచ్చు. అయినా అతడు చెప్పిన కారణము మన పల్లెకూ సరిపోతుంది. బాబాయికి, మేనమామకు తెలిసినది మనకూ ఎటూ తెలుసు. బదిలీ అయిపోయిన పాత మాస్టారికో, గుంటూరులో ల్యాబులో పనిచేసే క్లాసుమేటుకో తెలిసినది మనకు తెలియదు.

అటువంటి వారికి ఉత్తరము వ్రాయండి, ఫోను చేయండి. "ఉద్యోగం ఇప్పించండి" అంటే ఇబ్బంది పడి తప్పుకొంటారు. "ట్యాలీ నేర్చుకొన్నాను, లైసెన్సు ఉంది, మీ వైపు ఖాళీ పడితే ఒక మాట తెలియజేయండి" అంటే ఎవరికీ బరువుగా ఉండదు. నోటిఫికేషన్లకు చదవడము మాత్రము మానవద్దు.

ఇక పట్నములో ఎరిగినవారే లేని కుటుంబాలున్నాయి. తరతరాలుగా కూలి చేసి, ఇప్పుడే ఒక బిడ్డను చదివించుకొన్నవారు. నోటిమాటతో పోయే ఉద్యోగాలలో అందరికంటె నష్టపోయేది వీరే. ప్రకటన తప్పనిసరి అని కోర్టు అనవలసి వచ్చినదీ ఇటువంటివారి కొరకే గదా! పట్నములో కుదురుకొన్నవారు పండుగకు ఊరికి వచ్చినప్పుడు, తమ చోట ఉన్న ఖాళీల సంగతి తమ ఇంటివారికే గాక వీరికి కూడా చెప్పాలి.

ఆడపిల్లల సంగతి మరీ విచారకరము. కొడుకు ఉద్యోగము వెదుకుతున్నాడని బస్టాండులో కలిసినవారికి సైతము చెబుతాము. నర్సింగు చదివిన కూతురు రెండేండ్లుగా ఇంట్లో ఉన్న సంగతి పక్క వీధివారికి తెలియదు. ఆసుపత్రిలో ఖాళీ పడిన రోజున ఆమె పేరు ఎవరి నోట రావాలి?