ఒకే పువ్వు, రెండు రకాల గింజలు

ఆఫ్రికన్ డైసీ పేరుతో దొరికే విత్తనాలను అరచేతిలో పోసుకుని చూస్తే తరచుగా రెండు రకాలు కనిపిస్తాయి. కొన్ని పలచగా, చుట్టూ కాగితంలాంటి రెక్కతో ఉంటాయి. కొన్ని సన్నగా, గరుకుగా, గట్టిగా ఉంటాయి. గట్టివాటిని తాలు గింజలనో, కలుపు విత్తనాలనో ఏరి పారేసేవారున్నారు. అలా చేయవద్దు. రెండూ ఒకే పువ్వులో పుట్టినవే.

ఈ మొక్క శాస్త్రనామం డైమార్ఫోథీకా సినువేటా. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు మొక్కల కుటుంబమైన ఆస్టరేసికి చెందింది. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి అనేక చిరుపూల గుంపు. అంచున రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు, నడుమ బొట్టులా ఒదిగినవి బింబ పుష్పకాలు. ఆఫ్రికన్ డైసీలో కిరణ పుష్పకాల నుంచి గట్టి గింజలు, బింబ పుష్పకాల నుంచి రెక్కల గింజలు వస్తాయి. దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికా వాయవ్య మూలనున్న నమాక్వాలాండ్. అక్కడ వాన చలికాలంలోనే పడుతుంది, అదీ కొద్దిగా. రెక్కల గింజలు గాలికి ఎగిరిపోయి, తడి తగలగానే మొలుస్తాయి. గట్టివి తల్లి మొక్క దగ్గరే రాలి, వాటిలో కొన్ని మట్టిలో నిద్రపోతాయి. తొలి వాన మోసం చేసి మొలకలన్నీ మాడిపోయినా, గాదెలో దాచిన విత్తనంలా ఇవి వంశాన్ని నిలబెడతాయి. ఎడారి అంచున బతికే మొక్క ఇంత ముందుచూపును ఒక్క పువ్వులో ఇమిడ్చుకోవడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

చలితో ముడిపడిన ఈ జీవితచక్రాన్ని తెనాలి, బాపట్ల, రేపల్లె పెరళ్లలో నడపాలంటే అదును తెలియాలి. ఈ విత్తనం 15 నుంచి 20 డిగ్రీల మధ్య బాగా మొలుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తమనే సలహా ఉత్తరాది చలికి సరిపోతుంది, కృష్ణా డెల్టాకు కాదు. అప్పటికి మనకు ఉక్క తగ్గదు, పైగా తుపానుల కాలం. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అందుకే నవంబరు మధ్యలో చూరు కింద ట్రేలలో నారు పోసి, వానలు వెనకబట్టాక బయట నాటడం మేలు. డెల్టా పల్లెల్లో దీనికి క్యాలెండరు అక్కర్లేదు. కోతకొచ్చిన వరిలో మినుము చల్లే రోజులే దీని అదును కూడా. జనవరి చివర మొదలైన పూత మార్చి దాకా నిలుస్తుంది. ఎండలు ముదిరితే మొక్క చనిపోతుంది. అది ఏకవార్షికం, దాని ఆయువే అంత.

నేల విషయంలో మూడు ఊళ్లదీ ఒకే దారి కాదు. బాపట్ల నుంచి సూర్యలంక వైపు ఇసుక నేల. నీరు నిలవదు, వేరుకు గాలి ఆడుతుంది. ఈ మొక్కకు అదే కావాలి. తెనాలి, రేపల్లెల్లో కాలువల కింది నల్లని బంకమన్ను రోజుల తరబడి చెమ్మ వదలదు. అక్కడ ఎత్తు మడి కట్టి సగానికి సగం ఇసుక కలపాలి, లేదా కుండీలనే నమ్ముకోవాలి.

తీరంలో అసలు చిక్కు నీటితోనే. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక గనుక ఉప్పునీటి మీద పలచని పొరగా నిలుస్తుంది. లోతు నుంచి ఎక్కువగా తోడితే అడుగు ఉప్పు పైకొస్తుంది. అందుకే ఇక్కడి రైతులు లోతు లేని దొరువులు తవ్వుకుని నీరు వాడుకున్నారు. బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన విభాగం ఈ దొరువునే మెరుగుపరచింది. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరచి, పై మంచినీటిని మాత్రం బావిలోకి రాబట్టే పద్ధతిని రూపొందించింది. మన పెరటికీ అదే సూత్రం. ఉప్పదనం ఉన్న నీటిని విత్తనం సరిగా పీల్చుకోలేదు. నారుకు కాలువ నీరో, పట్టి ఉంచిన వాననీరో పోయాలి.

విత్తనాలపై మట్టి పలచగా, 3 మిల్లీమీటర్ల మందాన కప్పితే చాలు. వారం పది రోజుల్లో మొలకలొస్తాయి. తడి ఎక్కువైతే నారుకుళ్లు తెగులు మొదలంటా తినేస్తుంది కాబట్టి ఉదయం ఒక్కసారే చిలకరించాలి. నాలుగైదు ఆకులు రాగానే జానెడు ఎడంతో, రోజంతా ఎండ తగిలే చోట నాటాలి. యూరియా జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. జనవరి మంచులో చిగుళ్లపై పేనుబంక చేరితే వేపనూనె ద్రావణం కొట్టవచ్చు.

పూజకని తెల్లవారుజామునే కోసేవారికి ఈ పువ్వు ముడుచుకునే దొరుకుతుంది. ఎండ తగిలితేనే విప్పారుతుంది, మబ్బు పట్టినా మూసుకుంటుంది. పుప్పొడి తడవకుండా కాపాడుకునే పద్ధతి ఇది.

రేకులు రాలి గుత్తి ఎండాక గింజలు సేకరించి, రెండు రకాలనూ విడివిడి సీసాల్లో గాలి చొరకుండా దాచాలి. తీరపు తేమ విత్తనానికి శత్రువు. గట్టివి చల్లిన కుండీలో మొలక రాకపోతే మట్టిని పారబోయకుండా మరో చలికాలం దాకా ఉంచండి.

మిగిలిన గింజలను మాత్రం సూర్యలంక ఇసుక దిబ్బల మీద చల్లవద్దు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ మొక్క తోటలు దాటి అడవి మొక్కగా స్థిరపడింది. మన దిబ్బలను పట్టి నిలుపుతున్నవి బాలబందితీగ, రావణాసురుడి మీసాలు. ఆ చోటు వాటికే ఉండాలి.